మఠం బడి గేటు బల్ల

నేను ఒక నల్లబల్లను. అయితే తరగతి గదుల్లో లెక్కలూ వ్యాకరణమూ మోసే రకం కాదు. నేను వార్తల బల్లను! తూమాటిపాలెంలో సిస్టర్లు నడిపే మఠం బడి గేటు పక్కన, బస్సులు ఆగే చోటికి ఎదురుగా, యాభై ఏళ్ళు నిలబడ్డాను. జూన్‌లో బడి తెరిచే రోజు, వర్షాల సెలవులు, పదో తరగతి ఫలితాలు, మట్టల ఆదివారం ఊరేగింపు వేళ, క్రిస్మస్ నాటకంలో ఎవరికి ఏ వేషమో, అన్నీ ముందు నాకే తెలిసేవి. ఆ తర్వాతే ఊరికి. ఈ విషయంలో నాకు కాస్త గర్వం ఉంది, దాచుకోను.

నిజానికి పుట్టుకతో నేను తలుపును. మా ఊళ్ళో చర్చిని గుడి అనే అంటారు. ఆ గుడి పాత తలుపుల్లో ఎడమ రెక్కను. కొత్త తలుపులు వచ్చినప్పుడు నన్ను పొయ్యిలోకి కొట్టబోతుంటే, అప్పుడే బడి మొదలుపెట్టిన చిన్నప్ప ఫాదర్ గారు పరుగున వచ్చి అడ్డుపడ్డారు. మరియన్న అనే వడ్రంగి నా మేకులు పీకి, చిత్రిక పట్టి, నాలుగు వైపులా సరిచేశాడు. నలుపు ఎక్కించింది మాత్రం ఆరో తరగతి పిల్లలు. వారం రోజులు బొగ్గు నూరి, ఆకు పసరు కలిపి, నా ఒంటికి పోటీలు పడి రుద్దారు. ఏది మొహమో ఏది బల్లో తెలియనంతగా రుద్దారు. నాతో పాటు ఉన్న కుడి రెక్క ఏమైందో నాకు తెలియదు. పొయ్యిలోకే పోయి ఉంటుంది. అప్పుడప్పుడు గుర్తొచ్చి దిగులేస్తుంది.

చిన్నప్ప ఫాదర్ గారికి ఒక మంచి ఆలోచన వచ్చింది. ఊళ్ళో సగం మందికి చదువు రాదు. వాళ్ళకు కూడా వార్త అందాలి. గుడిలో పూజ చేసే గురువులు కాలాన్ని బట్టి ఒక్కో రంగు వస్త్రం వేసుకుంటారు కదా, అదే రంగు సుద్దతో నా పైఅంచున ఒక పట్టీ గీయించేవారు. మామూలు రోజులకు ఆకుపచ్చ. క్రిస్మస్‌కూ పునరుత్థాన పండుగకూ తెలుపు. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల పండుగలకు ఎరుపు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు వారాల ఆగమన కాలానికీ, ఎండాకాలం మొదట్లో వచ్చే శ్రమల కాలానికీ ఊదా. బస్సు దిగిన ముసలమ్మ కూడా నా నుదురు ఒకసారి చూసి, పండుగ ఎంత దూరంలో ఉందో లెక్కేసుకుని, అరిసెల బియ్యం సంగతి ఆలోచించుకుంటూ వెళ్ళేది.

ఊదా రంగుకు ఇంకో పని కూడా ఉండేది. ఊరి క్రైస్తవుల్లో ఎవరైనా చనిపోతే పైన పట్టీ కాదు, నా నాలుగు అంచుల వెంటా ఊదా గీత గీసేవారు. మధ్యలో ఒక్క పేరు. కింద సమాధి కార్యక్రమం వేళ. అంతే. ఈ నియమం ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఊళ్ళో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు కాబట్టి లోకంలో అందరికీ తెలుసని ఊరు అనుకుంది. మనుషుల ధోరణే అంత.

నా మీద అందరికంటే ఎక్కువ కాలం రాసిన చెయ్యి తెలుగు మాస్టారు రాయప్ప గారిది. ఇరవై రెండేళ్ళ కుర్రాడిగా వచ్చి సుద్దముక్క పట్టారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా రోజూ పొద్దున్నే వచ్చి రాసేవారు. ఎంత చక్కని అక్షరాలో! రాసి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసుకుని, నచ్చకపోతే మొత్తం చెరిపేసి మళ్ళీ రాసేవారు. ఆయనకు ఒకటే పట్టింపు. జరిగింది జరిగినట్టు రాయాలి. 'నిన్నటి పూజకు పాటల బృందం ఆలస్యంగా వచ్చింది' అని రాసేవారు. 'హాస్టల్లో రాత్రి పప్పు మాడింది' అని రాసేవారు. ఒకసారి హెడ్మిస్ట్రెస్ గారే ప్రార్థనకు రెండు నిమిషాలు ఆలస్యమైతే అదీ రాశారు. జనం బస్సు దిగగానే నన్ను చదివి నవ్వుకునేవారు. ఎవరి గురించి రాస్తే వాళ్ళు తప్ప.

ఆయన ప్రాణస్నేహితుడు డ్రిల్లు మాస్టారు బాలశౌరి. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఏటా క్రిస్మస్‌కు రాయప్ప గారు కొత్త పాట కట్టేవారు. బాలశౌరి గారు దాన్ని బడి బ్యాండుకు నేర్పేవారు. డిసెంబరు ఇరవైనాలుగు సాయంత్రం బ్యాండు బయల్దేరి ఊరి నాలుగు వీధులూ తిరిగేది. ముందు సైడు డ్రమ్ము వాయిస్తూ బాలశౌరి గారు, వెనక ట్రంపెట్లు, క్లారినెట్లు, చివర ఇద్దరు మోసే పెద్ద డ్రమ్ము. గేటు దాటుతుంటే నా పలకంతా జుమ్మని అదిరేది. ఆ అదురు కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేవాణ్ణి.

తొమ్మిదేళ్ళ క్రితం ఆ సంబరం ఆగిపోయింది. ఆ ఏడు ఊరేగింపు అయిన మర్నాడు రాయప్ప గారు పండుగ వార్తలన్నీ రాసి, చివర ఒక వాక్యం చేర్చారు. 'రెండో వీధిలో బ్యాండు తాళం తప్పింది.' పండుగ పూట కొత్త బట్టలతో జనం నా ముందు నిలబడి చదువుకుంటుండగా బాలశౌరి గారు వచ్చారు.

"చెరుపు రాయప్పా. పిల్లలు చూస్తన్నారు" అన్నారు మెల్లగా.

"తప్పిందా, లేదా?"

"అది నీకూ నాకూ మధ్య మాట. బస్టాండుకెందుకు?"

"తప్పింది కాబట్టి రాశా. తప్పకపోతే నేనెందుకు రాస్తా?"

బాలశౌరి గారి మొహం ఎర్రబడింది. "అయితే విను. ఈ బల్ల ఈడున్నంత కాలం నేనీ గేటు దాటను" అని వెళ్ళిపోయారు. నిజంగానే దాటలేదు. మర్నాడు రాయప్ప గారు సుద్దముక్కతో వచ్చి నా ముందు చాలాసేపు నిలబడ్డారు. ఒక్క అక్షరం కూడా రాయలేకపోయారు. సుద్దముక్కను పదో తరగతి పిల్లల చేతిలో పెట్టేసి, ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు. రోజూ తొమ్మిదింటికి వచ్చి పిల్లలు రాసింది చదివి మాత్రం వెళ్ళేవారు. బ్యాండు సామాను అటక ఎక్కింది. క్రిస్మస్‌కు ఆటోకు స్పీకరు కట్టి పాటలు వేసుకుంటూ తిప్పేవారు. స్పీకరుకు నేను అదరలేదు.

ఆ వాక్యాన్ని మోసింది నేనే కదా. ఆ సంగతి నన్ను తొమ్మిదేళ్ళు కోసింది.

ఇంతలో బడికి యాభై ఏళ్ళు నిండాయి. అబ్బో, ఆ డిసెంబరు హడావుడి చెప్పాలంటే నాకు ఇప్పటికీ మనసు నిలవదు! ప్రతి తరగతి వెదురుబద్దలతో ఒక నక్షత్రం కట్టింది. బాలయేసు బొమ్మను పెట్టే పశువుల పాకలో పచ్చిక కోసం పిల్లలు కంచాల్లో రాగులు మొలకెత్తించి, ఎవరి మొలక ఎంత ఎదిగిందో స్కేళ్ళతో కొలుచుకున్నారు. గొర్రెల వేషాలకు దూది చాలక హాస్టలు దిండ్లలో రెండు మాయమయ్యాయి. అన్నీ ఉన్నాయి. బ్యాండు ఒక్కటే లేదు.

హెడ్మిస్ట్రెస్ సిస్టర్ లూర్దు మేరీ గారు ఆ ఇద్దరు మాస్టార్ల దగ్గరా చదువుకున్న పిల్లే. బ్యాండు లేకుండా యాభై ఏళ్ళ పండుగ చేయడం ఆమెకు ఇష్టం లేదు. బాలశౌరి గారి ఇంటికి మూడుసార్లు వెళ్ళి బతిమాలారు. మూడుసార్లూ ఒకటే జవాబు. "బల్ల తీయించమ్మా. అప్పుడు చూద్దాం."

అంతే, నా సంగతి తేలిపోయింది. కొత్తగా గాజు తలుపుల పెట్టె ఒకటి తయారవుతోందని, ఇరవైనాలుగో తేదీ లోపల నేను కదలాలని నా ముందే మాట్లాడుకున్నారు. శనివారం వచ్చి మేకులు ఊడదీసి, నన్ను గేటు స్తంభానికి ఆనించి పెట్టారు. నాకు కోపం రాలేదు. నేను పోతే ఆ ఇద్దరూ కలుస్తారంటే, బ్యాండు కదులుతుందంటే, సంతోషంగా పోతాను. కానీ 'అప్పుడు చూద్దాం' అనే మాటలో 'వస్తాను' అనే మాట లేదు. నేను పోయి, ఆయనా రాకపోతే? ఆదివారమంతా అదే బెంగ.

సోమవారం పొద్దున జరిగింది వినండి!

కొత్తగా వచ్చిన సిస్టర్ రెజీనాది జనగామ వైపు. గాజు పెట్టె ఇంకా రాలేదు, పదో తరగతికి పరీక్షలు మొదలవడంతో బల్ల మీద రాసే పని ఆ రోజే ఆమె చేతికి వచ్చింది. పండుగ సందర్భంగా పాత ఉపాధ్యాయులకు రోజుకొకరికి సన్మానం చేయాలని అనుకున్నారు. మొదటి రోజు రాయప్ప గారిది. ఆమె ఎంతో శ్రద్ధగా నన్ను తుడిచి, పైన చిన్న సిలువ గీసి, ఆగమన కాలం కదా అని ఊదా సుద్ద తీసుకుంది. ఒక్క పట్టీ ఏం బాగుంటుందనుకుందో ఏమో, నాలుగు అంచుల వెంటా చక్కగా గీత లాగింది. మధ్యలో పెద్ద అక్షరాలతో 'శ్రీ రాయప్ప మాస్టారు' అని రాసింది. దాని కింద 'సాయంత్రం 4 గంటలకు' అని రాసింది. సన్మానం అనే మాట రాయబోతుండగా ప్రార్థన గంట మోగింది. మిగతాది వచ్చాక రాద్దామని సుద్దముక్క జేబులో వేసుకుని లోపలికి పరుగెత్తింది.

తల్లీ, ఆగు! అని అరవాలనిపించింది. బల్లకు నోరుంటే ఎన్ని అనర్థాలు తప్పేవో.

అప్పుడే ఎనిమిదిన్నర బస్సు వచ్చింది. గేటు దగ్గర జామకాయలమ్మే శౌరమ్మకు చదువు రాదు. నా నాలుగు అంచులూ చూసి, గంప దించి, బస్సు దిగినాయన చెయ్యి పట్టుకుంది. "ఎవురయ్యా పొయ్యింది?" ఆయన పేరు చదివాడు. శౌరమ్మ గుండెలు బాదుకుంటూ గుడి వైపు పరుగెత్తింది. అక్కడ ఫాదర్‌కు సాయంగా ఉండే ఉపదేశి గారు గేటు దాకా వచ్చి నన్ను చూసి, ఇంకేం అడగకుండా వెళ్ళి చావుగంట అందుకున్నారు. ఒక్కో దెబ్బ, ఆగి ఆగి. బస్సేమో ఆ కబురు ఎక్కించుకుని పక్కూరికి వెళ్ళిపోయింది.

లోపల ప్రార్థనలో ఉన్నవాళ్ళకూ గంట వినపడింది. "ఎవరో మనవాళ్ళు పోయారు. వారి ఆత్మశాంతి కోసం ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పండి" అన్నారు సిస్టర్ లూర్దు మేరీ గారు. పిల్లలంతా చెప్పారు. సిస్టర్ రెజీనా కూడా కళ్ళు మూసుకుని, ఎవరో పాపం అనుకుంటూ, భక్తిగా చెప్పింది.

పావుగంటలో నా ముందు జనం. పూలదండలు వచ్చాయి. మాస్టారి ఇంటికి వెళ్ళినవాళ్ళు తలుపుకు తాళం చూసి, గుడికి తెచ్చేశారనుకుని ఇటే వచ్చారు. అంతలోనే బాలశౌరి గారు వచ్చారు. చెప్పులు లేవు. చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నారు. నన్ను ఒక్క చూపు చూసి, గేటు దాటి, ఆగకుండా లోపలికి వెళ్ళిపోయారు. దాటిన సంగతి ఆయనకే తెలియదు! అటక మీది సామాను దింపించారు. పాత బ్యాండు పిల్లలు ఒక్కొక్కరే పరుగున వచ్చారు. పిల్లలంటే పిల్లలా, ఒకడికి బట్టతల, ఒకడికి ముగ్గురు బిడ్డలు. దుమ్ము పట్టిన ట్రంపెట్లు చొక్కాలతో తుడుచుకుని వరసలో నిలబడ్డారు. బాలశౌరి గారు సైడు డ్రమ్ము మెళ్ళో వేసుకుని నా ముందుకు వచ్చారు.

"స్నేహితుణ్ణి బ్యాండుతోనే సాగనంపుతా" అన్నారు. పుల్లలు ఎత్తి, మళ్ళీ దించేశారు. నా మీది పేరు చూస్తూ ఏడ్చేశారు. "రాయప్పా, ఆ రోజు తాళం తప్పింది నిజమేరా. పిల్లలు కాదు, నేనే తప్పా. ఒప్పుకోడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. నువ్వేమో ఆగలేకపొయ్యావు."

అప్పటికి గడియారంలో తొమ్మిదైంది. తొమ్మిదింటికి నన్ను చదవడానికి ఎవరు వస్తారో మీకు తెలుసు. ఆయన రెండు నిమిషాల ముందే వచ్చి జనం వెనక నిలబడి ఉన్నారు. మునివేళ్ళ మీద లేచి చూసినా నేను కనపడలేదు. ముందున్నాయన భుజం తట్టి, "ఎవరు పొయ్యారయ్యా?" అని అడిగారు.

"రాయప్ప మాస్టారండీ" అన్నాడు అతను వెనక్కి తిరక్కుండానే.

"అట్టాగా. ఎప్పుడంట?"

"తెల్లారుజామున. గుండె నొప్పంట. చానా బాధపడ్డాడంట పాపం."

చావుకు కారణం కూడా అప్పటికే తయారైపోయింది, చూశారా! రాయప్ప గారు ఇంకేదో అడగబోతుంటే బాలశౌరి గారి మాటలు ఆయన చెవిన పడ్డాయి. మొత్తం విన్నారు. ఆ మొహంలో మారిన రంగులు నేను జనం సందుల్లోంచి చూశాను. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"ఆగాను లేరా. ఇక్కడే ఉన్నా."

శౌరమ్మ కెవ్వున అరిచింది. పెద్ద డ్రమ్ము పట్టుకున్నవాళ్ళు వదిలేశారు. అది దొర్లుకుంటూ వెళ్ళి గేటుకు తగిలి ఢాం అంది. బాలశౌరి గారు జనాన్ని తోసుకుంటూ వచ్చి, రాయప్ప గారి రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశారు.

"బతికుండి పలకవేందిరా?"

"నువ్వు మాట్లాడతంటే మధ్యలో ఎట్టా పలికేది? తొమ్మిదేళ్ళకు నోరు తెరిచావాయె."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. నేను మాత్రం తక్కువ తిన్నానా, ఒళ్ళంతా చెమ్మగిల్లింది. మంచు వల్ల అని మీరనుకుంటే అనుకోండి.

అప్పుడు వచ్చింది సిస్టర్ రెజీనా, జేబులోంచి సుద్దముక్క తీసుకుంటూ, మిగతాది రాయడానికి. జనాన్నీ దండల్నీ చూసి నోరు వెళ్ళబెట్టింది. శౌరమ్మ ఆమె మీదికి లేచింది. "ఏం తల్లీ, బతికున్న మనిషి చుట్టూ ఊదా గీత గీస్తావా?"

"ఆగమన కాలం గదమ్మా, ఊదానే గీయాలె గద! నాలుగు దిక్కుల గీస్తే సచ్చిపోయినట్టని నాకెవ్వలు జెప్పిన్రు?" పాపం, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరు చెప్పారు? సిస్టర్ లూర్దు మేరీ గారు శౌరమ్మను చూశారు, శౌరమ్మ ఉపదేశిని చూసింది, ఉపదేశి గారు నేల చూశారు. ఎవరూ చెప్పలేదు. రాయప్ప గారే కల్పించుకున్నారు. "ఏడవబాక తల్లీ. గీత మాత్రం తిన్నగా గీశావు. నేను కూడా ఇంత తిన్నగా గీసేవాణ్ణి కాదు" అని, బ్యాండు వైపు తిరిగారు. "అది సరే గానీ, నాకోసం తీసిన డ్రమ్ములు వాయించకుండా అటక ఎక్కిస్తారా ఏంది? కానీండి, వింటా."

వాయించారు! చావు పాట కాదు, క్రిస్మస్ పాట. తొమ్మిదేళ్ళ దుమ్ము ట్రంపెట్లలోంచి ఎగిరిపోయింది. స్తంభానికి ఆని ఉన్న నేను జుమ్మని అదిరాను. పిల్లలు తరగతుల్లోంచి దూకి వచ్చి గంతులేశారు. సన్మానం సాయంత్రం నాలుగింటికి అనుకున్నది పొద్దున తొమ్మిదింబావుకే, గేటు లోపలే, చావుకు తెచ్చిన దండలతోనే జరిగిపోయింది.

హడావుడి సద్దుమణిగాక సిస్టర్ లూర్దు మేరీ గారు భయం భయంగా అడిగారు. "మాస్టారూ, ఇరవైనాలుగున బ్యాండు నడుస్తుందాండీ? బల్ల అయితే తీసేశాం."

బాలశౌరి గారు అప్పుడు చూసుకున్నారు, తాను గేటు లోపల నిలబడి ఉన్నానని. సిగ్గుతో బుర్ర గోక్కున్నారు. రాయప్ప గారు వెంటనే అన్నారు, "కొత్తది పెట్టుకోండమ్మా. పాతది మాతో ఊరేగింపుకు రానీండి. నా మోకాళ్ళు నాలుగు వీధులు నడవలేవు. తోపుడు బండి మీద నేనూ బల్లా కూర్చుంటాం. ఎక్కడ జరిగింది అక్కడే రాసేస్తా."

బాలశౌరి గారు ఆయన్ని తేరిపార చూశారు. "ఏం రాస్తావ్?"

"ఏది జరిగితే అది."

"రాయి" అన్నారు బాలశౌరి గారు. కానీ చేతిలోని పుల్లలు డ్రమ్ము అంచుకు ఒకసారి టక్కున తగిలాయి. నేను విన్నాను.

ఇప్పుడు గేటు దగ్గర గాజు పెట్టె ఉంది. అందులో అచ్చు కాగితాలు అంటిస్తారు. ఊదా గీత నియమం కూడా మొదటిసారిగా ఒక కాగితం మీద రాసి లోపల గోడకు పెట్టారు. నేను బ్యాండు గదిలో, పెద్ద డ్రమ్ము పక్కన ఉంటున్నాను. ఇక్కడికి ఎలా వచ్చానంటే, ఆ ఇరవైనాలుగు సాయంత్రం ఊరేగింపుతో వచ్చాను.

ఆ సాయంత్రం నేను మొదటిసారి ఊరు చూశాను! యాభై ఏళ్ళు ఊరి వార్తలు మోశానే గానీ, ఒక్క వీధి చూసి ఎరగను. బండి మీద నిలబెట్టి తాళ్ళతో కట్టారు. పక్కన దుప్పటి పరుచుకుని రాయప్ప గారు, చేతిలో కొత్త సుద్దముక్క. ముందు బాలశౌరి గారు. ఇళ్ళ ముందు నక్షత్రాలు, అరుగుల మీద జనం, మేడల మీద పిల్లలు. అందరి చూపూ బ్యాండు మీద, ఆ వెంటనే నా మీద. ఏమన్నా రాశాడా అని. మొదటి వీధి దాటింది. నేను ఖాళీగానే ఉన్నాను.

రెండో వీధి వచ్చింది. బాలశౌరి గారి మెడ బిగుసుకోవడం వెనక నుంచి నాకు కనపడింది. పుల్లలు వేగం పెంచాయి, తాళం మళ్ళీ జారబోయింది. రాయప్ప గారు చెయ్యెత్తారు. సుద్ద నా పలకకు ఆనింది. ఇంక రాస్తారనుకున్నాను.

సుద్దముక్క జారి వీధిలో పడింది. ఆయన దాని వైపు చూడలేదు. అరచెయ్యి నా మీద పడింది, మళ్ళీ పడింది, తర్వాత రెండో చెయ్యి కూడా పడింది. డెబ్బై రెండేళ్ళ మనిషి నన్ను డ్రమ్ముగా చేసుకుని దరువు వేస్తున్నారు! ఇన్నేళ్ళూ నా మీద రాశారే గానీ, నాలో ఇంత మోత ఉందని ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. బాలశౌరి గారు వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం వదులయ్యాయి. నా మోత అందుకుని, తాళంలో పడి, ఆయన డ్రమ్ము మూడో వీధిలోకి తిరిగింది.